అమ్మమ్మ నేదన్న బొమ్మ

మొన్న బీరువా సర్దుతుంటే అడుగు అరలో పాత బిస్కెట్ డబ్బా ఒకటి దొరికింది. మూత తీయగానే కలరా ఉండల వాసన, దాని వెనకే ఎండిపోయిన మైదా జిగురు వాసన గుప్పున కొట్టి, గజపతినగరంలో మా అమ్మమ్మ ఇంటి వసారా, చాప మీద ఆరబెట్టిన మామిడి తాండ్ర, దాని చుట్టూ ముసిరే ఈగలు, కరెంటు పోయిన ఎండాకాలం మధ్యాహ్నాలు అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. డబ్బాలో ఉన్నవి గుండ్రటి బొమ్మల కార్డులు. 

అవి ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజే రభస. నేను అయిదో తరగతి పరీక్షలు రాసి అమ్మతో సెలవులకి వెళ్ళాను. విజయనగరంలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పే మా మావయ్య వాటిని నాకోసం తెచ్చాడు. మాది బాప్టిస్టు కుటుంబం, తాతయ్య బతికినన్నాళ్ళూ సంఘపెద్ద. ఆ ఇంట్లో సారా సీసా, పేకముక్క ఒకే కోవలోకి వచ్చేవి. చోడంబలి, అదే రాగంబలి, కలుపుతున్న అమ్మమ్మ గరిటె పట్టుకుని అలాగే వచ్చి గుమ్మంలో కొయ్యబారిపోయింది.

"ఏటిరా ఇది? మీ నాన్న పార్దన సేసిన ఇంట్లోకి పేకలట్టుకొచ్చీసినావా?"

"పేకలు కావే అమ్మా, బొమ్మలు. సూడు," అన్నాడు మావయ్య.

చూసింది. చేప, గొడుగు, తాళంచెవి, కొవ్వొత్తి... అంతా బాగానే ఉందనుకుంటుండగా పాము కనబడింది. ఏదేను తోటని పాడుచేసింది చాలక మనింటికి కూడానా అని కార్డులన్నీ లాక్కుపోయింది. ఇంక వాటి మీద ఆశ వదులుకున్నాను. తెల్లారి చూస్తే పాము ఉన్న ప్రతి కార్డు మీదా, సరిగ్గా పాము మీదే, మైదా జిగురుతో గుండ్రటి తెల్ల కాగితం అంటించి ఉంది. మావయ్య పడీపడీ నవ్వాడు. "ఆటేం చెడలేదు, పాము పోయి తెల్లబిళ్ళ వచ్చింది, అంతే," అన్నాడు.

ఆట ఇదీ. కార్డుకి ఎనిమిది బొమ్మలు. మొత్తంలోంచి ఏ రెండు కార్డులు తీసినా, వాటిలో ఒక్క బొమ్మ, ఒకే ఒక్కటి, కలుస్తుంది. ముందు కనిపెట్టి అరిచినవాళ్ళదే కార్డు. నేను నమ్మలేదు. ముంజెలు తినడం కూడా మానేసి రెండేసి కార్డులు తీసి చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారి కూడా తప్పలేదు. అప్పుడు మావయ్య వసారా గచ్చు మీద సుద్దతో ఏడు చిన్న బొమ్మలు వేసి, వాటిని మూడేసి చొప్పున ఏడు కార్డులుగా పంచి చూపించాడు. వాటిలోనూ అంతే, ఏ రెండింట్లోనూ ఒక్కటే! కార్డంటే ఒక దారి అనుకోమన్నాడు, బొమ్మంటే దారులు కలిసే కూడలి. ఏ రెండు దారులైనా ఒక్క కూడలిలోనే కలిసేట్టు ఊరు కట్టినట్టన్నమాట. లెక్కల్లో ఇంత మాయ ఉంటుందని బళ్ళో ఒక్కరూ చెప్పలేదే అని నోరెళ్ళబెట్టాను.

ఇక అమ్మమ్మ సంగతి చెప్పాలి. బియ్యంలో మట్టిగడ్డలు ఏరి ఏరి పదునెక్కిన కళ్ళు. పేకలన్న మనిషే పనసతొనలు ఒలుస్తూ, చేతికి నూనె రాసుకుని, ఓరకంట చూసి "తాళం!" అని అరిచేది. మేమింకా వెతుకుతూనే ఉండేవాళ్ళం. ఆదివారం గుడి నుంచి రాగానే బైబిలు బల్ల మీద పెట్టి, "ఒసే, అట్టుకురా," అనేది.

మరో రెండు వేసవులు గడిచాయి. ఆ తర్వాతి యేడు ఆటలో అమ్మమ్మ ఉన్నట్టుండి, "ఈ రెండిట్లో నేదు," అంది. అందరం గొల్లుమన్నాం. జిగురేసి తెల్లబిళ్ళలు అంటించడంలో ఏదో బొమ్మ మూసేసి ఉంటావని అమ్మ ఆటపట్టించింది. మావయ్య ఓపిగ్గా కార్డులన్నీ సరిచూశాడు. తప్పేమీ లేదు. మర్నాడు మళ్ళీ "నేదు" అంది, ఈసారి కోపంగా. మావయ్య ఆమె చేతిలో కార్డుని అటుదిటు తిప్పాడు.

"ఇదిగో సేప! ఇప్పుడెలగొచ్చినాది?" అంది అమ్మమ్మ.

ఎవరూ నవ్వలేదు. మావయ్య ఆమె ఎడమ పక్కగా చెయ్యి చాపి, "అమ్మా, నా సెయ్యి కనిపిస్తందా?" అన్నాడు.

"ఏ సెయ్యి?"

 కార్డుల్లో ఆ బొమ్మ ఉండి తీరాలి, లెక్క తప్పదు. మరి లేనిది ఎక్కడ? వారం నుంచి ఆమె కంచంలో ఎడమ పక్క కూర అలాగే మిగిలిపోతోంది, తలుపుకి ఎడమ భుజం కొట్టుకుంటోంది. చూసుకుని నడవమని కసిరాం తప్ప ఒక్కరికీ తట్టలేదు. లోకంలో ఎడమ సగం ఆమె కంటికి మాయమైపోయినా ఆ మనిషికే తెలియలేదు! ఆ సాయంత్రమే విశాఖపట్నం తీసుకెళ్ళారు. మెదడులో రక్తనాళం మూసుకుపోయిందన్నారు. మరోసారి అలా కాకుండా మందులిచ్చారు గానీ, చూపులో పోయిన సగం తిరిగి రాదన్నారు.

ఇంటికొచ్చాక ఆమె అడిగింది కార్డులే. అప్పటినుంచి మా ఇంట్లో కొత్త నియమం: ఎవరైనా సరే కార్డుని ఒక చుట్టు తిప్పాకే నోరు తెరవాలి. అమ్మమ్మ కంచాన్ని కూడా అలాగే తిప్పుకుని తినేది. "నేదనకు, తిప్పి సూడు," అని మాకే చెప్పేది.

ఇప్పుడు అమ్మమ్మ లేదు. ఆ వసారా షట్టరు వేసిన కొట్టయింది. మంచం మీద రెండు కార్డులు పెట్టి చూశాను. కలిసే బొమ్మ లేదు. తిప్పాను. లేదు.  ఎడమ చెయ్యి పక్కకి చాపి, వేళ్ళు ఆడించి చూసుకున్నాను, కనబడుతున్నాయి. మళ్ళీ కార్డుల వైపు చూస్తే అప్పుడు తెలిసింది. ఒకదాని మీద తెల్లబిళ్ళ ఉంది. రెండోదాని మీద పాము, ఎన్నో ఏళ్ళకి బయటపడి, నన్నే చూస్తోంది. ఊడిపోయిన కాగితం డబ్బా అడుగున పడి ఉంది.

ఈసారి తప్పు కార్డుదే. ఆ రోజు కూడా కార్డుదే అయి ఉంటే ఎంత బాగుండేది!