టేపు కింది పేర్లు

జూలై రెండో గురువారం. పొద్దున నేను వెళ్లేసరికి ల్యాబ్ తలుపు తీసి ఉంది. నాకంటే ముందు వచ్చేది మేడమ్ ఒక్కరే. లోపల మాత్రం అటెండర్ అన్న స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"మేడమ్ రాత్రి పోయినారు పాపా. గుండెపోటంట."

"ఎవరు చెప్పినారన్నా?"

"వాళ్ల తమ్ముడు ఫోన్ చేసినాడు. దీంట్లో గూడా అనుమానమేనా?"

అనుమానమే. ఇద్దరు చెబితే తప్ప ఏదీ నమ్మవద్దని నేర్పింది మేడమే. వాళ్లింటికి నేనూ ఫోన్ చేశాను. అవతల ఏడుపు వినబడింది. పెట్టేశాను.

అనంతపురంలో మాకు జంతుశాస్త్రం చెప్పిన మేడమ్ పాముల రక్తం మీద పనిచేసేవారు. రక్తపింజరిని దాని విషమే ఎందుకు చంపదు? ఆ విషాన్ని పట్టి ఆపే ప్రోటీన్ దాని రక్తంలోనే ఉంటుంది. దాన్ని వెతకాలంటే, దాన్ని మాత్రమే గుర్తుపట్టే యాంటీబాడీ కావాలి. ఆ ప్రోటీన్‌ను కుందేలుకు ఇంజెక్షన్ చేస్తే, కొన్ని వారాలకు కుందేలు రక్తంలో యాంటీబాడీ తయారవుతుంది. మేడమ్ దాన్ని సాక్షి అనేవారు.

"సాక్షి గదా అని నమ్మొద్దు పాపా. అడ్డప్రశ్నలు వెయ్."

ఒకసారి అనుమతి పత్రాలతో బెళుగుప్ప దగ్గర శనక్కాయ చేనికి వెళ్లాం. అక్కడి రైతు మమ్మల్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"ఏమక్కా, పాము నెత్తురు ఎత్తకపోయి యాడ అమ్ముతారు?"

"అమ్మేదానికి కాదన్నా, చదివేదానికి."

"నెత్తురు చదువుతారా! ఎవరికి చెప్తాండావక్కా?"

మేడమ్‌కు అతను తెగ నచ్చాడు. "మన ల్యాబ్‌లో ఇట్లాంటోడు ఒకడుండాల," అన్నారు దారిలో.

వేసవిలో మొదటిసారి పరీక్ష పట్టీ మీద ముదురు చుక్క తేలింది. యాంటీబాడీ ప్రోటీన్‌ను పట్టుకుందనడానికి అదే గుర్తు. నేను గంతేశాను. మేడమ్ చేతిలోని టీ గ్లాసు కదల్లేదు.

"సంతోషం సాయంత్రానికి పెట్టుకుందాం. ఇంజెక్షన్ వేయకముందు తీసిన కుందేలు రక్తంతో మళ్లా చెయ్."

చేశాను. యాంటీబాడీ లేని ఆ రక్తానికీ అదే చుక్క. మా సాక్షి చెప్పింది అబద్ధం. ఆ సాయంత్రం ఇద్దరం గాజు గొట్టాలు కడిగాం.

కొత్త కుందేలుతో మళ్లీ మొదలుపెట్టాం. దాని యాంటీబాడీకి చివరి పరీక్ష కోసం నిన్న రెండు గొట్టాలు సిద్ధం చేశాం. ఒకదాంట్లో పింజరి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే పలచని ద్రవం. రెండోదాంట్లో అదే సీరం, కానీ ఆ ప్రోటీన్‌ను తీసేసినది. మొదటిదానికే చుక్క రావాలి. రెండింటికీ వస్తే ఇన్నాళ్ల పని పోయినట్టే. నన్ను బయటికి పంపి, మేడమ్ గొట్టాల మీది పేర్లకు తెల్ల టేపు అంటించారు, వరుస మార్చారు.

"కండ్లకు ఆశ ఎక్కువ పాపా. పేరు తెలిస్తే లేని చుక్క గూడా కనపడతాది."

సాయంత్రం అంత్యక్రియల నుంచి వచ్చి ఫ్రిజ్ తెరిచాను. ఒక గొట్టం మీద టేపు అంచు కాస్త లేచి ఉంది. జిగురులో మేడమ్ వేలిముద్ర. గోరు తగిలిస్తే చాలు, కింది పేరు కనపడుతుంది.

"తీసి చూడు పాపా, ఇంగ ఎవరు అడుగుతారు?" అన్నాడు అటెండర్ అన్న.

లేచిన అంచును వేలితో నొక్కి అంటించి, ఫ్రిజ్ మూశాను.

రేపు పొద్దున రెండు గొట్టాల్లోంచి ఒక్కో బొట్టు పట్టీ మీద వేసి, దాని మీద కొత్త కుందేలు యాంటీబాడీ పోస్తాను. ఎక్కడ చుక్క వచ్చిందో, ఎక్కడ రాలేదో నేను నోరెత్తకుండా ముందు అన్నతో చెప్పిస్తాను. టేపు ఆ తర్వాతే తీస్తాను.