గాజు పెట్టెలో పెసర యంత్రం

చర్చికి వేసుకునే ఒకే ఒక్క కోటును ఇస్త్రీ చేయించుకుని ముసెంబి ఆ నవకల్పన కేంద్రానికి వెళ్తే, లినెట్ అనే మేడమ్ గుమ్మంలోనే ఆపేసింది.

"అయ్యో, ఇదేంటన్నా? మీ నూనె మరకల బట్టలేవీ? విదేశీ అతిథులు వస్తున్నారు కదా!"

పాపం, కముకుంజి బజారులో తన కొట్టుకు తిరిగొచ్చి, మురికి చొక్కా తొడుక్కుని మళ్ళీ వెళ్ళాడు. ఛీ! ఆ చోటంటే నాకు రోత పుట్టింది ఆ రోజే.

నేను ఆ కముకుంజి ఇనప సామాన్ల బజారులోనే రేకు పెట్టెలు చేస్తాను. ముసెంబిది పక్క కొట్టు. పొయ్యిలు, చక్రాల బండ్లు చేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి, చేతుల్లో మాత్రం బోలెడంత తెలివి. వాళ్ళక్క స్యోంబువా మకువేని పల్లెల్లో పెసలు పండిస్తుంది. ఎండిన కాయను కర్రలతో బాది బాది ఆవిడ భుజం పాడైంది. ఆలస్యం చేస్తే వాన పడుతుంది, తడిసిన కాయ మొలకెత్తుతుంది, పంట పోతుంది. అందుకని ముసెంబి పాత లారీ సామానుతో ఒక యంత్రం చేశాడు. పైన కాయలు పోసి పిడి తిప్పితే కింద పెసలు, పక్కన పొట్టు. రెండు రోజుల బాదుడు ఒక్క పూటలో అయిపోయింది. నేనే పిడి తిప్పి చూశాను.

మా దగ్గర ఒక పద్ధతుంది. ఎవరు కొత్త వస్తువు చేసినా కొట్టు ముందు వేలాడదీస్తాడు. సాయంత్రానికి పదిమంది జానలతో కొలుచుకుంటారు, వారం తిరిగేసరికి అలాంటివి నాలుగు తయారవుతాయి. ఎవరూ కోపగించుకోరు. వస్తువుకు మాత్రం మొదట చేసినవాడి పేరే ఉంటుంది.

ముసెంబి ఈ యంత్రానికి తార్పాలిన్ కప్పాడు!

"ఏంట్రా ఈ ముసుగు?" అన్నాను.

"మేడమ్ ఎవరికీ చూపించొద్దందక్కా. ఐడియా కొట్టేస్తారట."

"ఎవరు? నేనా? నీ మొదటి పొయ్యి ఎవరి పొయ్యి చూసి చేశావురా?"

తార్పాలిన్ అంచు ఇంకాస్త కిందికి లాగాడు. నాకు ఒళ్ళు మండింది.

కొత్త వస్తువులు కనిపెట్టేవాళ్ళకు శిక్షణ, పోటీ అంటూ ఆ కేంద్రంవాళ్ళు వాణ్ణి ఎనిమిది నెలలు తిప్పించుకున్నారు. గోడల నిండా ఆలోచనలు రాసిన రంగు కాగితాలు అంటించడం, గంట మోగేలోగా అయిదు నిమిషాల్లో యంత్రం కథంతా చెప్పడం. అక్క భుజం సంగతి వచ్చేచోట కాస్త ఆగాలట, గొంతు వణకాలట. ఆ వణుకు వాడి చేత ఏడుసార్లు అభ్యాసం చేయించారు. తూ! చివరికి మొదటి బహుమతి వచ్చింది. ఏమిటనుకున్నారు? ఇంకో ఆరు నెలల శిక్షణ. యంత్రం మాత్రం ఏడాదిపాటు వాళ్ళ హాల్లోనే ఉండాలి.

"సంతకం పెట్టేముందు చదవలేదా?"

"పదకొండు పేజీలక్కా. మధ్యలో సమోసాలు పెట్టారు. వాళ్ళే వంద యంత్రాలు చేయిస్తారేమో అనుకున్నా."

ఫిబ్రవరిలో స్యోంబువా ఫోన్ చేసింది. "తమ్ముడూ, కాయ ఎండింది. మబ్బు పడుతోంది. యంత్రం పంపించు."

ముసెంబి పరుగెత్తాడు. లినెట్ నవ్వుతూనే ఉంది. "రెండు వారాల్లో పెద్దవాళ్ళు వస్తున్నారన్నా. ఇప్పుడెలా తీస్తాం? కొంచెం పెద్దగా ఆలోచించండి."

పెద్దగా ఆలోచించాలట! వాన చిన్నగా ఆలోచిస్తుందా?

తిరిగొచ్చి మా ముందు కూలబడ్డాడు. ఇంకోటి చేద్దామని నలుగురం సుత్తులు పట్టుకున్నాం. కానీ యంత్రం లోపల కాయను నలిపే ఇనప పళ్ళు ఎంత వంపులో ఉంటాయో మాలో ఎవరం చూడలేదు. వాడేమో బొమ్మ గీసుకోలేదు, చేత్తో తడిమి చేసుకుపోయాడు, ఆ వంపు ఇప్పుడు గుర్తుకు రాలేదు. రెండుసార్లు చేశాం, రెండుసార్లూ పెసలు పిండైపోయాయి. తార్పాలిన్ కప్పకుండా ఉంటే ఆపాటికి కముకుంజిలో అలాంటివి ఇరవై ఉండేవి. ఆ మాట నేను వాడితో అన్నాను కూడా. అనకుండా ఉండాల్సింది.

అక్కడ స్యోంబువా నాలుగు రోజులు కర్ర వదల్లేదు. నాలుగో రోజు కుడి భుజం పట్టేసింది. అయిదో రోజు వాన.

పది రోజుల తర్వాత ఆవిడ ఒక గోతంతో బస్సు దిగింది. మూతి విప్పితే గుప్పుమని కంపు. నల్లబడి, మొలకలొచ్చి, జిగురు పట్టిన పెసలు. "ఆ యంత్రం ఎక్కడుందో చూపించు" అంది, అంతే.

ముగ్గురం వెళ్ళాం. హాలు మధ్యలో గాజు పెట్టె, దాని చుట్టూ ఎర్ర తాడు. ఆ రోజే అతిథులు. మమ్మల్ని చూడగానే లినెట్ మొహం వెలిగిపోయింది. "భలే సమయానికి వచ్చారమ్మా! ఈవిడేనండీ ఆ భుజం అక్క!" అని అందరికీ చూపించి, తనే గాజు తలుపు తీసింది.

స్యోంబువా ఎడమ చేత్తో గోతం ఎత్తి ఆ కుళ్ళంతా యంత్రంలో పోసింది. నల్లటి నీళ్ళు తెల్లటి నేల మీదికి కారాయి. అంతే, చప్పట్లు! ఫోన్లు తీసి టకటకా ఫోటోలు. కంపుకు ముక్కు చిట్లించుకునే చప్పట్లు కొట్టారు.

"వీళ్ళు దేనికి చప్పట్లు కొడుతున్నార్రా?" అని ఆవిడ తమ్ముణ్ణి అడిగింది.

ముసెంబి యంత్రంలో చెయ్యి పెట్టి, ఆ జిగురులోనే పళ్ళ వంపు తడిమి, రెండో అరచేతి మీద జేబులోని సుద్దతో గీసుకున్నాడు. మర్నాడు కొట్టు ముందు రోడ్డు మీద ఆ గీతలే పెద్దగా గీశాడు. "రండి, కొలుచుకోండి" అని అరిచాడు. వాడు అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. నెల తిరక్కుండా పదకొండు యంత్రాలు తయారయ్యాయి, ఒకటి మకువేనికి వెళ్ళింది.

స్యోంబువా కుడి చెయ్యి మాత్రం ఇప్పటికీ భుజం దాటి లేవదు. జుట్టు కూతురు దువ్వుతుంది. నవకల్పన కేంద్రం గోడ మీద ఆవిడ ఫోటో ఉంది, ఎడమ చేత్తో పెసలు పోస్తున్నది, నిలువెత్తున. దాని కింద రాశారు: "మా సాయంతో జీవితం బాగుపడిన మహిళా రైతు."