మామయ్యగారూ, ఏడవకండి

ఈ రాసేది అక్షరం అక్షరం నిజమని నా రెండు కళ్ళ మీద ఒట్టేసి చెబుతున్నాను. తెనాలిలో ఇలా ఒట్టు వేయాల్సిన అవసరం ఇంకెవరికీ ఉండదు. నాకుంది. వాన పడుతోందని నేను చెబితే, మా వీధివాళ్ళు బయటకొచ్చి చెయ్యి చాపి చూసుకున్నాకే గొడుగు తీస్తారు.

దయ్యాల సంగతంటారా, వాటిని నేనెప్పుడూ నమ్మలేదు. మా పేటలో సగం దయ్యాలు నేను పుట్టించినవే. ఇక నమ్మడం ఎలా?

మా అన్నయ్య కూతురు శ్రావ్య ఇక్కడే డిగ్రీ రెండో సంవత్సరం, సైకాలజీ. పోయిన వేసవిలో వాళ్ళ మేడం ఒక పరిశోధన మొదలుపెట్టారు. జరగని సంగతిని జరిగిందని చెబితే, మనుషులు దాన్ని నిజంగా గుర్తు తెచ్చుకుంటారా అన్నది ప్రశ్న. పెద్దవాళ్ళ దగ్గరకెళ్ళి, వాళ్ళ ఇంట్లోవాళ్ళని అడిగి తెలుసుకున్న చిన్ననాటి ముచ్చట్లు మూడు చెప్పాలి. మధ్యలో ఒక కల్పన కలపాలి. వాళ్ళకి ఏం గుర్తొస్తే అది రికార్డు చేసుకోవాలి. అంతా అయ్యాక, ఫలానాది కల్పన అని చెప్పేయాలి.

పని బాగా చేసిన ఒక్క విద్యార్థిని మేడం తన పరిశోధనలోకి తీసుకుంటానన్నారు. ఆ ఒక్క చోటు కోసం శ్రావ్య అన్నం కూడా నిలబడే తినేది.

కల్పన కోసం నా దగ్గరకొచ్చింది.

"బాబాయ్, ఎక్కడా ఎవరికీ జరగనిది ఒకటి కావాలి. నీకన్నా ఎవరున్నారు?"

అరనిమిషంలో అల్లి ఇచ్చాను, వాళ్ళకి ఇలా చెప్పమని. మీరు ఐదేళ్ళప్పుడు రేపల్లె స్టేషన్లో తప్పిపోయారు. రైలుకి అదే ఆఖరు స్టేషను, అందరూ దిగి వెళ్ళిపోయారు, మీరొక్కరే మిగిలారు. ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకావిడ తాటిముంజలు ఒలిచి పెట్టి, మీ అమ్మ వెతుక్కుంటూ వచ్చేదాకా పక్కనే కూర్చుంది. అంతే కథ.

చాలామంది మాకేం గుర్తులేదన్నారు. ముగ్గురికి మాత్రం గుర్తొచ్చింది.

మొదటాయన బాపట్లలో రిటైరైన పోస్టుమాస్టరు. ఆవిడ తనని "మామయ్యగారూ" అని పిలిచిందని చెప్పి తెగ నవ్వాడట. శ్రావ్య కూడా ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పింది. నేను నవ్వలేదు. వారం తిరక్కుండా కర్లపాలెంలో ఒక రైతు అదే మాట అన్నాడు. ఆయనకీ ఈయనకీ ముఖపరిచయం కూడా లేదు.

మూడోది రేపల్లె. బస్టాండు దగ్గర జాకెట్లు కుట్టే ఒకావిడ. ఆ రోజు శ్రావ్యను నేనే బండి మీద తీసుకెళ్ళి, కొట్టు బయట స్టూలు మీద కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం. శ్రావ్య కథ చెప్పింది. లోపల మిషను చప్పుడు ఆగిపోయింది.

"ముంజలు తిన్నది గుర్తుందమ్మా. నా అనుమానం ఒకటే. ఐదేళ్ళ ఆడపిల్లని కదా, ఆవిడేంటి, నన్ను పట్టుకుని 'మామయ్యగారూ, ఏడవకండి' అంటుంది?"

శ్రావ్య తల బయటకి పెట్టి నా వంక చూసింది. అది కల్పన అని చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదు.

తిరుగుదారిలో భట్టిప్రోలు దాటాక బండి ఆపించింది.

"నిజం చెప్పు బాబాయ్. వాళ్ళకి ముందే ఫోన్ చేశావా?"

"లేదమ్మా. వాళ్ళ పేర్లు కూడా నాకు తెలియవు."

"ఊరందరికీ అబద్ధాలు చెప్పుకో, నాకేం. నా ప్రాజెక్టులో కూడానా?"

మేడం మూడు రికార్డులూ విన్నారు. కథలో లేని మాట ముగ్గురు ఒకేలా చెప్పారంటే ఎవరో అందించే ఉంటారన్నారు. ఆ మూడూ కొట్టేసి, కొత్త కథతో మళ్ళీ మొదటినుంచి చేయమన్నారు. చోటు సంగతి ఆ తర్వాత చూద్దామన్నారు. ఈసారి కథ శ్రావ్య తనే రాసుకుంది. నేను ఎదురుపడితే "భోంచేశావా బాబాయ్" అంటుంది, అంతవరకే.

ఒట్టేసి మొదలుపెట్టాను గానీ, ఇందులో ఒక్క ముక్క కల్పించాను. ఆ కథ నేను అల్లానన్నది అబద్ధం. రేపల్లె స్టేషన్లో తప్పిపోయింది నేనే. జీవితంలో మొదటిసారి ఒకరు నోరు తెరిచి అబద్ధం అడిగితే, బద్ధకించి నిజం ఇచ్చాను.

ఆ రోజు ఆవిడ నా పేరడిగింది. వెంకటరామయ్య అన్నాను. నాలుక కరుచుకుంది. అది వాళ్ళ మామగారి పేరట, కోడలు నోటితో అనకూడదట. అందుకని మా అమ్మ వచ్చేదాకా, ముక్కు కారుతున్న నన్ను "మామయ్యగారూ, ఏడవకండి" అంటూనే ముంజలు ఒలిచింది.

ఆ పిలుపు చెబితే, ఎందుకలా పిలిచిందని శ్రావ్య అడిగి అది నా కథేనని కనిపెట్టేస్తుందని, కావాలనే వదిలేశాను. అసలు ఆ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకి కూడా. మరి ఆ ముగ్గురికీ ఎవరు చెప్పారు?

ఈ కాయితాలు అచ్చుకి పంపేముందు శ్రావ్యకిచ్చాను. చదివింది. ఆఖరి పేజీ ఇంకోసారి చదివింది.

"ఒట్టు మొదట్లో ఎందుకు వేశావు బాబాయ్? ఇక్కడ వెయ్యి."

వేశాను.