చెవి దగ్గర ఎండుమిరపకాయ

ఎండుమిరపకాయలు కొనేటప్పుడు కాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూడటం నాకు అలవాటు. మొన్న అరసవల్లిలో కిరాణా కొట్టాయన అది చూసి, "ఏటమ్మా, కాయేటైనా ఫోన్ సేసిందేటి?" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. కాయలో గింజలు గలగలమన్నాయి. ఆ చప్పుడు వింటే చాలు, ఎక్కడున్నా సరే, అప్పలనరసమ్మ మేడమ్ నా ముందుకొచ్చి నిలబడతారు. నడుముకు బిగించిన కొంగు, మెడలో తాడుకు వేలాడే భూతద్దం, ఎండకు చిట్లించిన కళ్లు.

ఆవిడ నా మొదటి పై అధికారి. శృంగవరపుకోట దగ్గర ఒక చిన్న విత్తనాల కంపెనీ తోటలో కొత్త మిరప సంకర రకాలు తయారుచేసేవారు. పుట్టింది భావనపాడులో, చేపల వేట మీద బతికే ఇంట్లో. డాక్టరేట్ చేశారు, ఎన్నో సభల్లో మాట్లాడారు, యాస మాత్రం రవ్వంత కూడా మార్చుకోలేదు. నేను ఉద్యోగానికి వెళ్లిన రోజున నా సర్టిఫికెట్లు పక్కన పెట్టేసి, "మీ నాన్న ఏటి సేస్తారు?" అని అడిగారు. వీణ మేష్టారని చెప్పాను. "అయితే నీకు సెవుంటాది. రేపట్నుంచి వచ్చీ" అన్నారు. అంత కష్టపడి చదివిన చదువుకు ఇదా విలువ అని నాకు ఒళ్లు మండింది.

పనిలో పడ్డాక మంట చల్లారింది. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ఎంచి, రేకులు విప్పి, పుప్పొడి తిత్తులు గిల్లేయాలి. పొద్దున్నే తండ్రి మొక్క పుప్పొడి తెచ్చి అద్ది, కాడకు ఎర్ర ఊలుదారం కట్టాలి. నాది మొదట్నుంచీ తొందర చెయ్యి, మొగ్గలు తెగి రాలిపోయేవి. "ఒసే, మెల్లగా! మనం సేస్తన్నది పెళ్లి, పోట్లాట కాదు" అని వెనకనుంచి కేకేసేవారు మేడమ్. కేకేసిన మనిషే పక్కన కూర్చుని, నా వేళ్లు పట్టుకుని, మొగ్గ నలగకుండా ఎలా విప్పాలో చూపించేవారు. చేపల వలల చిక్కులు విప్పి పెరిగిన చేతులు కదా, అంత మెత్తగా కదిలేవి.

కాపు బాగుంటే చాలు, కంపెనీలో అందరికీ పండగే. మేడమ్‌కి మాత్రం అసలు పరీక్ష అప్పుడే మొదలు. ఏ కొత్త రకమైనా పండు కాయల్ని బస్తాకెత్తి భావనపాడు తీసుకెళ్లేవారు. అక్కడ ఎండుచేపలు ఆరబెట్టే గచ్చు మీద ఒక మూల పరిచేవారు. వాళ్లమ్మ చేపలతోపాటు వాటినీ తిరగేసేది. "మిరపకాయలకు నీచు వాసన పట్టించడం ఏం శాస్త్రం మేడమ్?" అని మా యజమాని విసుక్కునేవాడు. "అయ్యి అమ్మే కాయలు కావు బాబూ, పరీక్ష రాసే కాయలు" అనేవారు ఆవిడ. మాదేమో మంచు, సముద్రపు నెమ్ము ఉన్న సీమ. గుంటూరు ఎండల్లో చక్కగా ఎండే కాయ మా తీరంలో బూజు పడుతుంది. "నాను దిగిపోయీలోగా మా ఒడ్డునున్న రైతు కళ్లంలో ఎండే రకం ఒక్కటి ఇచ్చీయాల" అనేవారు. ఆవిడ బతుకంతా ఆ ఒక్క కోరిక చుట్టూనే తిరిగింది.

రిటైరయ్యే ముందు ఒక రకం కుదిరినట్టే కనిపించింది. చెట్టు వంగిపోయే కాపు, నిగనిగలాడే ఎరుపు. యజమాని ప్యాకెట్ల మీద బొమ్మ కూడా అచ్చు వేయించేశాడు. గచ్చు మీద ఎండాక మేడమ్ ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించారు. చప్పుడు లేదు. చీల్చి చూస్తే మందపు తోలు లోపల తడి, గింజలకు బూడిదరంగు బూజు. "లోపల ఎవరు చూస్తారు మేడమ్, కాపు చూస్తారు గానీ" అన్నాడు యజమాని. "అమ్ముదామని రైతు సంచీ ఇప్పినప్పుడు సూస్తాడు బాబూ. అప్పుడు మనం అక్కడుండం" అన్నారు. రకాన్ని ఆపేశారు. ఆ సాయంత్రం చేను గట్టు మీద ఒక్కరే కూర్చుని ఉంటే దగ్గరికెళ్లి, "బాధగా ఉందా మేడమ్?" అని అడిగాను. "ఉండదేటే? కన్నబిడ్డ కాదేటి" అని ముక్కు చీదుకుని లేచారు. "తండ్రిని మార్సాల. తోలు పల్చనోడిని సూడు." అంతటి మనిషి దగ్గర పని నేర్చుకుంటున్నందుకు ఆ క్షణంలో నాకు గర్వంగా అనిపించింది.

ఆవిడ రిటైరయ్యాక ఆ పని నా చేతికొచ్చింది. కొన్ని పంటల తర్వాత, పల్చతోలు తండ్రితో కలిపిన కొత్త కాయలు పట్టుకుని భావనపాడు వెళ్లాను. వాళ్లమ్మ అప్పటికి లేదు. మేడమే గచ్చు మీద తిరగేసి ఎండబెట్టారు. ఎండాయనిపించాక ఒక కాయ తీసి, అలవాటుగా చెవి దగ్గర ఆడించి, నా చేతిలో పెట్టేశారు. "నాకు ఇనబడ్డం మానేసింది. నువ్వే సెప్పాల" అన్నారు. ఆడించాను. ఒకటి గలగలమంది. ఇంకొకటీ పలికింది. మూడోది మూగగా ఉండిపోయింది. ఆవిడ నా మొహంలోకే చూస్తున్నారు. 'ఎండాయి' అంటే ఆ ముసలి మొహం ఎలా వెలిగిపోతుందో నాకు తెలుసు. వంగి, చెవి దగ్గర గట్టిగా చెప్పాను. "ఇంకా కుదరలేదు మేడమ్!"

ఆవిడ నా చెవి పట్టుకుని, చిన్నపిల్లకు మెలేసినట్టు మెలేశారు. "ఈ సెవి కోసమే కదే నిన్ను పన్లో ఎట్టుకున్నాను. ఇంక నాకు బెంగ నేదు."

కుదిరిన రకం చివరికి వచ్చింది. ఆ కారంతో మేడమ్ చేపల పులుసు కాచి, నాకు వడ్డించి, తనూ తిన్నారు. పోయిన వానాకాలంలో వెళ్లిపోయారు.

కొట్టాయన కాయల్లో రెండోది ఆడించాను. పలకలేదు. మరొకటీ అంతే. "వీటికి ఇంకో ఎండ తగలాలండీ" అని తిరిగి కొట్టు సంచీలోనే వేసేశాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు. నాకు మొహమాటం ఎక్కువే, చుట్టాలిళ్లలో వద్దనలేక రెండోసారి వడ్డించుకునే మనిషిని. మిరపకాయ దగ్గర మాత్రం అది ఎప్పుడో పోయింది.