టిష్యూ పొట్లం పెట్టిన కుర్చీ

ముందే ప్రమాణం చేస్తున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నా ఎడమ మోకాలి మీద ఒట్టు (కుడి మోకాలి మీద ఇదివరకే చాలా ఒట్లు వేశాను, ఇక మోయలేనంటోంది). ఆ రోజుల్లో, అంటే కీబోర్డు తాకడం వచ్చిన ప్రతివాడి చేతిలోనూ విమానం టిక్కెట్టు పెట్టేస్తున్న రోజుల్లో, నేను సింగపూర్ రాఫెల్స్ ప్లేస్‌లో ఓ ఎత్తయిన మేడలో కూర్చుని ఏదో బ్యాంకుకి ప్రోగ్రాములు రాసేవాణ్ణి. రాసేవాణ్ణి అనడం కొంచెం ఎక్కువే; పక్క కుర్చీలోని హైదరాబాదీ భాయ్ రాస్తుంటే తలాడించేవాణ్ణి. మా ఇద్దరి కాంట్రాక్టు పొడిగింపు కాగితాలూ మేనేజరు బల్ల మీద సంతకం కోసం పడి ఉన్నాయి. సంతకం పడితే ఇక్కడ, పడకపోతే నెలాఖరుకి ఇంటికి.

మేనేజరు అమెరికావాడు. చాటుగా ‘బేస్‌బాల్ దొర’ అనుకునేవాళ్ళం. అది ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు నడుస్తున్న ఏడాది. సాయంత్రం ఐదింటికి మ్యాచ్ ఉందంటే దొర సరిగ్గా ఐదింటికే మీటింగు పెట్టేవాడు. “తొంభై నిమిషాలు పరిగెత్తి చివరికి సున్నా సున్నా! దీన్ని ఆట అనరు, వాకింగ్ అంటారు” అని మా మొహాల మీదే నవ్వేవాడు. మేం కూడా నవ్వేవాళ్ళం (కాగితాలు బల్ల మీద ఉన్నాయి కదా).

ఒక మధ్యాహ్నం ఆయన మాతోపాటు హాకర్ సెంటర్‌కి (చుట్టూ తిండి కొట్లు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు) భోజనానికి వచ్చాడు. పన్నెండున్నర వేళ అక్కడ కుర్చీ దొరకడమంటే మాటలు కాదు. దొర పొగలు కక్కే సూప్ గిన్నె పట్టుకుని, ఖాళీ కుర్చీ ఒకటి కనబడగానే దాని మీదున్న టిష్యూ పొట్లం పక్కకి నెట్టి కూర్చోబోయాడు.

“హలో! ఛోప్ చేశారు లా!” అని అరిచింది పక్క బల్ల ఆంటీ.

“ఎవరు? మనిషే లేడు!”

“టిష్యూ ఉంది కదా!”

ఛోప్ అంటే అక్కడ కుర్చీ పట్టేసుకోవడం; పొట్లం పెట్టి వెళ్ళినవాడు వచ్చేదాకా ఆ కుర్చీ వాడిదే, మంత్రిగారొచ్చినా నిలబడాల్సిందే. దొర మళ్ళీ బయల్దేరాడు. ఎడమ మూల ఇద్దరు లేస్తున్నారని నేను కళ్ళతో సైగ చేశాను, ఆయన దూసుకెళ్ళాడు, అరక్షణం ముందు ఎవడో బ్యాగు విసిరాడు. కుడివైపు భాయ్ దారి చేశాడు, అక్కడా తప్పిపోయింది. ఎట్టకేలకి ఓ తాతగారు లేవగానే దొర గిన్నెని బల్ల మీద దించి, రెండు చేతులూ పైకెత్తి సెంటరంతా తిరిగి చూసేలా కేక పెట్టాడు. సగం సూప్ టై మీదే ఉంది.

ఆ బల్లకే ఎదురుగా ఉన్న బెంచీ చివర భాయ్‌తోపాటు ఇరుక్కుని కూర్చుంటూ నేను అడిగాను. “సార్, ఎంతసేపు తిరిగారు?”

“ఇరవై నిమిషాలు!”

“ఎన్ని కుర్చీలు దొరికాయి?”

“ఒకటి.”

భాయ్ బల్ల కింద నా కాలి మీద ఒక్క తన్ను తన్ని, “అరే మియా, నక్కో! దస్తఖత్ కానియ్యి ముందు” అని గొణిగాడు. నేను ఆగలేదు. “మరి బోర్ కొట్టిందా సార్?”

దొర చెంచా గాల్లోనే ఆగిపోయింది. నన్నూ, తన టైనీ మార్చి మార్చి చూసి, మిగిలిన సూప్ తాగేశాడు. నా ఉద్యోగం ఆ గిన్నెలో మునిగిపోయిందనే అనుకున్నాను. ఆ సాయంత్రం మీటింగు ఆరున్నరకి... కాదు, ఏకంగా మర్నాటికి మారింది. ఐదింటికి టీవీ ఉన్న గదిలోకి వెళ్తే ముందు వరస నడిమి కుర్చీ మీద టిష్యూ పొట్లం, దాని మీద పెన్నుతో దొర పేరు. వారంలో కాగితాల మీద సంతకాలు పడ్డాయి.

ఇక ఒప్పుకోలు. కుర్చీ నిజం, సూప్ నిజం, టిష్యూ పొట్లం మోకాలి సాక్షిగా నిజం. ఆ ప్రశ్నలు అడిగింది మాత్రం నేను కాదు, భాయ్. బల్ల కింద తన్నింది నేను. తన్ని, “మీ బేస్‌బాలే గొప్ప సార్” అని కూడా అన్నాను.

ఇప్పుడు సింగపూర్‌లోనే, టాంపినీస్‌లో ఇద్దరివీ పక్క పక్క బ్లాకులు. నెరిసిన మీసం దువ్వుకుంటూ వచ్చిన ప్రతివాళ్ళకీ నేను ఈ కథ చెబుతుంటే, భాయ్ టీ తాగుతూ ఒక్క మాటా అడ్డు చెప్పడు. అంతా అయ్యాక మాత్రం, “నేను అంత గట్టిగా తన్నానా మియా?” అంటూ, వంగి తన కాలే తడుముకుంటాడు.