గీత దాటిన ఆయిలు

సత్యరాజుకి ఆ వేను మీద ఎంత ప్రేమంటే, దాని అద్దాలు తుడవడానికి పెళ్ళాం సత్యవతి పాత నేతచీరల్లో మెత్తటిది చూసి దాచుకునేవాడు. గజపతినగరానికి అవతల, కొండల వైపున్న చిన్న మిషను ఆసుపత్రిలో అతను పన్నెండేళ్ళుగా డ్రైవరు. పురుడు కష్టమైనవాళ్ళని, పాము కరిచినవాళ్ళని విజయనగరం పెద్దాసుపత్రికి చేర్చడం అతని పని. ఒక్కసారి కూడా దారిలో ఆగలేదని నలుగురిలో చెప్పుకునేవాడు. చెప్పుకోవడానికి అతనికి వేరే గొప్ప కూడా లేదు.

పంతొమ్మిదివందల అరవై ఏడో సంవత్సరం వానల్లో ఆ వేను నీలం పొగ వదలడం మొదలెట్టింది. వారం తిరక్కుండానే ఆయిలు పొయ్యాల్సి వస్తోంది. ఒకనాడు డాక్టరమ్మ వరండాలో నిలబడి ఆ పొగ చూసి, "సత్యరాజూ, దీని పని అయిపోయినట్టుంది. అమ్మేద్దామని కమిటీకి రాస్తాను," అంది. ఆవిడ మామూలుగానే అంది. అతనికి మాత్రం ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు మందులు తేవడానికి విజయనగరం వెళ్ళినప్పుడు, మోటారు సామాన్ల కొట్టువాడు ఒక డబ్బా చూపించాడు. ఆయిల్లో కలిపే మందట. "లోపలంతా కడిగీస్తాది, పొగ ఆపీస్తాది. ముసిలి ఇంజను కుర్రదైపోతాది, సూడు," అన్నాడు.

తిరిగొచ్చి షెడ్డులో బానెట్టు ఎత్తాడు. ఆయిలు కొలిచే కడ్డీ తీసి, తుడిచి, మళ్ళీ ముంచి చూశాడు. పొద్దున్నే పోసిన ఆయిలు సరిగ్గా పై గీతకి ఉంది. డబ్బా పట్టాలంటే ఆ మేరకి ఆయిలు తియ్యాలి. ఆ సంగతి అతనికి తెలుసు. కానీ కింద బోల్టు విప్పి, బంగారంలాంటి ఆయిలు పారబొయ్యడానికి చెయ్యి రాలేదు. కాస్త ఎక్కువుంటే ఇంజనుకి బలమే కదా అనుకున్నాడు. పాలిచ్చే గేదెకి ఇంకో దోసెడు తవుడు వేసినట్టు, డబ్బా మొత్తం వంపేశాడు. ఈసారి కడ్డీ మీద తడి గీత దాటి రెండు వేళ్ళు పైకెక్కింది. చూశాడు. చూసి, తుడిచి, లోపల పెట్టేశాడు.

రెండు రోజులు ఇంజను మెత్తగా నడిచింది. పొగ కూడా తగ్గినట్టే కనిపించింది. వరండా ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ తిప్పాడు, డాక్టరమ్మ చూస్తుందేమోనని.

మూడోనాడు మిట్టమధ్యాహ్నం లక్ష్మణమ్మని తీసుకొచ్చారు. పక్క ఊరి రైతు కూర్మయ్య పెళ్ళాం, తొలిచూలు. బిడ్డ అడ్డం తిరిగింది. ఆపరేషను ఇక్కడ కాదు, విజయనగరం పోవాలంది డాక్టరమ్మ. వెనక పడుకోబెట్టారు. నర్సు జ్ఞానసుందరి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. కూర్మయ్యా, అత్త బుల్లమ్మా ఎక్కారు.

చంపావతి వంతెన దాటాక, స్టీరింగు ముందు ఆయిలు ఒత్తిడి చూపించే ముల్లు వణికింది. పడింది, లేచింది, మళ్ళీ పడింది. సత్యరాజు వేలి కణుపుతో దాని అద్దం మీద కొట్టాడు. ఆయిలు కావలసినదానికన్నా ఎక్కువే ఉంది కదా, ముల్లే పాడై ఉంటుందనుకున్నాడు. వెనక లక్ష్మణమ్మ "ఓలమ్మో" అని అరుస్తుంటే బండి ఆపి చూసే ధైర్యం లేకపోయింది. ఇంకా గట్టిగా తొక్కాడు.

రెండు మైళ్ళు పోయేసరికి ఇంజను అడుగు నుంచి టక్కు టక్కుమని చప్పుడు మొదలైంది. ఎవరో లోపల ఉండి తలుపు కొడుతున్నట్టు. అది పెరిగి పెరిగి, ఇనుము ఇనుముని కరిచినట్టు ఒక్క కీచు పెట్టి, వేను నడిరోడ్డున బిగుసుకుపోయింది.

రోడ్డుకి రెండు పక్కలా నార కోసం గోగుకాడలు ఊరబెట్టిన గుంటలు. ఆ కుళ్ళు వాసనలో సత్యరాజు ముందువైపు ఇంజను తిప్పే హేండిలు పెట్టి, రెండు చేతులా, ఒళ్ళంతా బరువేసి తిప్పాడు. అంగుళం కదల్లేదు. కూర్మయ్య పొలాలకి అడ్డంపడి పరుగెత్తి ఒక ఎడ్లబండిని తోలుకొచ్చాడు. అందులో గడ్డి పరిచి ఆమెని ఎక్కించారు. బండి కదులుతుంటే లక్ష్మణమ్మ తల తిప్పి అతనికేసి చూసింది. తిట్టలేదు. చూసింది, అంతే.

మూడు మైళ్ళు బండి మీద పోయాక లారీ దొరికిందట. తల్లి బతికింది. మగబిడ్డ కడుపులోనే పోయాడు. ఇంక పిల్లలు పుట్టరని చెప్పి పంపించారు.

వేనుని గజపతినగరంలో ఎర్రన్న షెడ్డుకి ఈడ్చుకొచ్చారు. ఎర్రన్న చుట్టుపక్కల పేరున్న మెకానిక్కు. ఇంజను అడుగునున్న ఛాంబరు విప్పి, లోపల ఆయిలు వడకట్టే జాలీ తీసి సత్యరాజు ముందు పెట్టాడు. దాని కన్నాలన్నీ నల్లటి మడ్డితో పూడిపోయి ఉన్నాయి.

"ఏటి పోసినావు ఇందల?" అన్నాడు.

"ఏటీ పొయ్యలేదు. ఎప్పుడూ పోసే ఆయిలే."

ఎర్రన్న అతని ముఖం వైపు చూడకుండానే చెప్పుకుపోయాడు. "పాత ఇంజనుకి మడ్డి గోడలకంటుకుని దాని మానాన అదుంటాది. ఏదో మందు దాన్ని కడిగీసినాది. కడిగిన మడ్డి ఎక్కడికి పోతాది? జాలీకే వస్తాది. పైగా ఆయిలు గీత దాటిందంటే అడుగున తిరిగే క్రాంకు అందల పడి చిలుకుతాది, మజ్జిగలా నురగొస్తాది. నురగల గాలే గానీ ఆయిలేదీ? బేరింగులు గాలి తాగి బతుకుతాయేటి?"

సత్యరాజు ఆ జాలీని అటు తిప్పి పెట్టాడు. ఎర్రన్న మళ్ళీ అడగలేదు.

అతన్ని ఎవరూ తప్పు పట్టలేదు. "పాత బండి, నువ్వేం చేస్తావు," అంది డాక్టరమ్మ. మిషను పాస్టరు భుజం తట్టాడు. తిట్టి ఉంటే తేలికపడేవాడేమో. ఎర్రన్న బేరింగులు మార్చి ఇంజనుని నిలబెట్టాడు. కమిటీ దగ్గర కొత్తబండికి దారి లేక ఆ వేనే మళ్ళీ నడిచింది. బయల్దేరే ముందు సత్యరాజు కడ్డీ ఐదారుసార్లు తీసి చూసేవాడు. గీతకి సరిగ్గా ఉన్నా నమ్మకం కుదిరేది కాదు. సత్యవతి రోట్లో పచ్చడి దంచుతుంటే ఆ టక్కు టక్కు వినలేక లేచి వీధిలోకి వెళ్ళిపోయేవాడు.

ఆ గుంటల దగ్గరకొచ్చేసరికి, ఖాళీ వేనులో ఎవరో వెనక పడుకుని ఉన్నట్టనిపించేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ముందుకి తిరిగితే వీపు మీద చూపు. కొన్నాళ్ళకి వెనక కనబడే లోపలి అద్దాన్ని పైకప్పు వైపు తిప్పేశాడు. "అదేంటి సత్యరాజూ, అద్దం అలా పెట్టావు?" అని జ్ఞానసుందరి అడిగితే, ఎండ కళ్ళలో పడుతోందన్నాడు. ఆవేళ ముసురు పట్టి ఉంది.

రెండేళ్ళు అలాగే గడిచాయి. ఒకరోజు జ్ఞానసుందరే మాటల్లో చెప్పింది. లక్ష్మణమ్మ నీరసంతో వచ్చి చూపించుకుని పోయిందట. "పాపం, చిక్కి సగమైపోయింది. గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకుంది, అందుకే బిడ్డ పోయాడని బుల్లమ్మ ఊరంతా చాటుతోందట. కూర్మయ్యకి మళ్ళీ పెళ్ళి చూస్తున్నారు."

మర్నాడు సత్యరాజు సైకిలెక్కి ఆ ఊరు వెళ్ళాడు. లక్ష్మణమ్మ వాకిట్లో కూర్చుని తడి గోగుకాడల నుంచి నార ఒలుస్తోంది. అతన్ని ఆనవాలు పట్టి, "ఏటి బావూ, ఇలాగొచ్చినావు?" అంది.

నిలబడే చెప్పాడు. డబ్బా సంగతి, గీత సంగతి, ముల్లు పడిపోవడం చూసి కూడా ఆపకపోవడం. "ఆపి కాస్త ఆయిలు తీసీసుంటే బండి సేరేదేమో తల్లీ," అన్నాడు.

ఆమె చేతుల్లో నార అలాగే ఉండిపోయింది. "సేరుంటే నా గుంటడు బతికీవోడా?"

"తెలీదు తల్లీ."

చేతిలో నార విసిరికొట్టింది. గట్టిగా అరిచింది. "రెండేళ్ళు! రెండేళ్ళు మింగి కూకున్నావా? నాను ముట్టని కత్తిపీటని ముట్టినానని అందరూ అంటంటే, ముట్టినానేమో అని నాకే అనిపించీసినాది గదరా! నాకు కాదు. రా. మా అత్తకి సెప్పు. నా పెనిమిటికి సెప్పు."

లేచి అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. బుల్లమ్మ ఎదటా, కూర్మయ్య ఎదటా అతను మొదటి నుంచీ మళ్ళీ చెప్పాడు. అరుపులు విని వచ్చిన ఇరుగుపొరుగు ఎదట మూడోసారి చెప్పాడు. కూర్మయ్య చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లింది. రెండో దెబ్బకి చెయ్యెత్తి, కొట్టలేక గోడకి చేరబడి ఏడ్చాడు. బుల్లమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. లక్ష్మణమ్మ క్షమించానని అనలేదు. "ఇంక పో," అంది.

ఆ సాయంత్రమే డాక్టరమ్మకి చెప్పి, తాళాలు బల్ల మీద పెట్టేశాడు. ఆవిడ వాటికేసి చూస్తూ కూర్చుంది, వద్దనలేదు. ఎర్రన్న తన షెడ్డులో పని ఇచ్చాడు. కూర్మయ్య రెండో పెళ్ళి మాట తర్వాత వినిపించలేదు. లక్ష్మణమ్మ ఆ ఇంట్లోనే ఉంది. అంతకుమించి సత్యరాజుకి తెలీదు, అడగడానికి మొహం చెల్లలేదు.

నెల తిరిగాక ఆసుపత్రికి కొత్త డ్రైవరొచ్చాడు. పాతపట్నం వైపు మనిషి, అబ్రహాం. వేనుని షెడ్డుకి తెచ్చినప్పుడు సత్యరాజు అతన్ని కూర్చోబెట్టి, కడ్డీ చేతికిచ్చి, ఏ గీత దాకా పొయ్యాలో, ఏ డబ్బా పొయ్యకూడదో చెప్పాడు. ఎందుకో కూడా ఏమీ దాచకుండా చెప్పాడు.

అంతా విని అబ్రహాం అడిగాడు. "ఆ బిడ్డని ఎక్కడ పాతిపెట్టినారు?"

సత్యరాజుకి తెలీదు. ఆ ఊరు పోయి అంతసేపు నిలబడి కూడా, ఆ మాట అడగాలని అతనికి తోచలేదు.