మల్లయ్య కాక లాగిన తెర

సగం ఉడికిన అన్నం తిన్నవాడి కడుపు ఒక్కటే చెడుతుంది. సగం చదివిన నాటక విద్య ఊరందరినీ ముంచుతుంది. నమ్మరా? అయితే బెల్లంపల్లిలో నేను దర్శకత్వం వెలగబెట్టిన ఆదివారం సంగతి వినండి.

అప్పటికి నేను హైదరాబాద్‌లో మూడేళ్ల నాటక డిగ్రీలో సరిగ్గా నడిమధ్య ఉన్నాను. మొదటి ఏడు నిలబడటం, నడవటం, గొంతు విప్పటం నేర్పారు. అవన్నీ నాకు రెండేళ్ల వయసులోనే వచ్చని మా అవ్వ వాదన. రెండో ఏడు 'అన్నీ చూపించకు, వినిపించు' అన్నారు. ఆ ఒక్క ముక్కతో నేను నేలమీద నడవటం మానేశాను.

ఆ ఏటి పరీక్షకు సొంత ఊరివాళ్లతో ఒక నాటిక ఆడించాలి. హైదరాబాద్ నుంచి సారొకాయన వచ్చి చూసి మార్కులేస్తాడు. తప్పితే చదువు బంద్. గనిలో దీపాలిచ్చే గదిలో పనిచేసే మా బాపు ముందే తేల్చేశాడు: "ఫెయిలైతివా, మా లాంప్ రూంల నౌకరే నీకు. పెద్దసారుకు నీ పేరు చెప్పే పెట్టిన."

నాటిక నేనే రాశాను. భర్త ఉత్తరం కోసం కళ్లు కాయలు కాసేలా చూసే ఇల్లాలి కథ. పోస్ట్‌మాన్ కనిపించడు. అతని సైకిల్ గంట రెండుసార్లు మోగుతుంది, పక్కనుంచి ఉత్తరం వచ్చి పడుతుంది. వినిపించడమంటే అదీ! ఇల్లాలి వేషం మా పక్కింటి రాజంది. వాడి చేత మీసం తీయించడానికే వారం పట్టింది.

తెర ఆటనాడు మధ్యాహ్నం గాని మంచిర్యాల నుంచి రాలేదు. దాని తాడు పట్టడానికి మల్లయ్య కాకను మించినవాడెవడు? గనిలో ఇరవై ఏళ్లుగా ఇంజను తాడుతో బొగ్గు టబ్బులను దించేదీ లాగేదీ ఆయనే.

"కాకా, నేను మూడుసార్లు గంట కొట్టంగనే తెర లేపాలె" అన్నాను, రాజం మొహానికి పౌడరు కొడుతూ.

"నాకు చెప్పాల్నా బిడ్డా? ఒక గంటంటే ఆపుడు, రెండంటే దించుడు, మూడంటే లాగుడు. ఇరవై ఏండ్ల సంది గదే పని."

"గంతే కాకా, గంతే!"

నా చెవికెక్కింది 'మూడంటే లాగుడు' ఒక్కటే. వినిపించమని నేర్పిన గురువులు, వినమని నేర్పటం మూడో ఏటికి అట్టిపెట్టుకున్నట్టున్నారు. పైగా వేరే గంట దొరకక తెరకూ పోస్ట్‌మాన్‌కూ కలిపి నా సైకిల్ గంటే దిక్కయింది.

మూడు కొట్టాను. తెర లేచింది, చప్పట్లు మోగాయి. ముందు వరసలో బాపు పక్కనే పరీక్ష సారు. రాజం బ్రహ్మాండంగా ఏడుస్తున్నాడు. నేను గర్వంగా రెండు కొట్టాను.

"అగో, పోస్టు వచ్చింది!" అని రాజం ఉరికాడు. తెర దభీమని పడింది.

"కాకా, లేపు, లేపు!"

"గంట కొట్టు."

"నీ కాళ్లు మొక్కుత కాకా!"

"గంట లేంది తాడు ముట్టద్దు బిడ్డా, మనుషులు సస్తరు. గని రూలది, కానూన్."

ఆడలేక మద్దెల ఓడన్నారు. ఆడించలేనివాడు ఎవరిని తిట్టాలో పెద్దలు చెప్పలేదు. మూడు కొట్టాను. తెర లేచింది. గంట విన్న రాజం పోస్టు మళ్లీ వచ్చిందనుకొని మళ్లీ ఉరికాడు. కంగారులో నేను ఉత్తరం విసరడం మరిచాను; అది కనబడకపోయేసరికి "ఓ పోస్టన్నా, యాడికి పోతివి? ఇంకోపారి గంట కొట్టు!" అని సొంత కవిత్వం మొదలుపెట్టాడు.

"కొట్టకు! రెండు కొడితే దించుతడు!" అని జనంలోంచి కార్మికులందరూ ఒకటే కేక. వాళ్లందరికీ తెలిసింది, డిగ్రీ చదివే నాకు తెలియలేదు. రాజం అడిగిందే తడవు, మళ్లీ రెండు కొట్టాను!

ఈసారి తెర పడేసరికి రాజం దాని ముందు ఒంటరిగా చిక్కుకున్నాడు. వెనక్కి దారి దొరకలేదు. తెర అంచు పట్టుకొని కూలబడి, "ఉత్తరమన్న ఇయ్యుండ్రి, లేకుంటే నన్నన్న లోపలికి తీస్కోండ్రి!" అని నిజంగానే ఏడ్చేశాడు. నవ్వుతున్న ఆడవాళ్లు ఒక్కసారిగా నవ్వు ఆపి కొంగులు కళ్లకద్దుకున్నారు. నేను తెర కిందనుంచి చెయ్యి చాపి ఉత్తరం అందించాను. అంతే, చప్పట్లతో బల్లలు అదిరిపోయాయి.

సారు లోపలికి వచ్చాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"ఆశ పుట్టిన ప్రతిసారీ ఆ ఇల్లాలి ముఖం మీద తెర పడటం... ఎంత గొప్ప ఊహండీ! ఎవరిది?"

నేను నోరు తెరిచేలోపే కాక తాడు చుట్టుకుంటూ అన్నాడు: "కానూన్ సార్. ఎవరికైన గదే."

"విధి శాసనం!" అని సారు గబగబా రాసుకున్నాడు. అన్నీ వినిపించకూడదని నాకు అప్పుడే బోధపడింది. వంగి సారుకు దండం పెట్టాను.

నెల తిరక్కుండా ఫలితాలొచ్చాయి. క్లాసులో నేనే మొదటివాణ్ణి! సంతోషం పట్టలేక కాకను భుజాల మీదికెత్తుకొని వీధంతా తిరిగాను. బాపు నా పేరు కొట్టేయించడానికి లాంప్ రూంకు పోయాడు. ఏమైందని పెద్దసారు అడిగితే, ఛాతీ విరుచుకొని "ఏం జేస్తం సార్, మావోనికి ఫెయిలవుడు గూడ సక్కగ రాలే" అన్నాడట.

ఆ రోజే కాక పాదాల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. తాడు చేతిలో ఉన్న మనిషి మాట్లాడుతుంటే ఇక జన్మలో 'గంతే' అనను. చేతులు కట్టుకొని చివరిదాకా వింటాను. అవసరమైతే రాసుకొని, ఆయన చేత దస్కతు కూడా పెట్టించుకుంటాను.